మేకలు ముట్టని చెట్టు

నేను రిటైరై ఏడాది దాటింది. మా వీధి చివరి కిరాణా షాపాయన ఇప్పటికీ నన్ను "గోబర్ గ్యాస్ మేడమ్" అనే పిలుస్తాడు. గోబర్ గ్యాస్ మా పనుల్లో ఒకటి మాత్రమే, అయినా నేను చేసిన ఉద్యోగానికి అంతకన్నా మంచి పేరు నాకూ దొరకలేదు. కరెంటు డిపార్ట్‌మెంటా అంటే కాదు. వ్యవసాయ శాఖా అంటే కాదు. ప్రభుత్వ ఇంధన సంస్థ ఒకదానికి వరంగల్‌లో జిల్లా ఆఫీసు ఉండేది. ఒక జీపు, ముగ్గురు మనుషులు, గోడమీద ఒక పటం. ఆ ఆఫీసులో నా సర్వీసులో ఎక్కువ భాగం గడిచింది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు హనుమకొండలో మా ఇంటికి వచ్చి ఏదైనా చెప్పమంటారు. నోటితో చెప్పేటప్పుడు మనిషి తనకు అనుకూలంగా చెప్పుకుంటాడు. అందుకని రాస్తున్నాను. ఎప్పుడు ఏ ప్రమోషన్ వచ్చిందో, ఏ ఫైలు ఏ బల్లమీద ఆగిందో మీకు అక్కర్లేదు. ఒక ఊళ్ళో జరిగిన సంగతే ఎక్కువగా రాస్తాను. మిగతా ఊళ్ళలో నేను చేసిందంతా ఆ ఊళ్ళో నేర్చుకున్నదే.

ముందు విధానం గురించి రెండు ముక్కలు. మన ట్రాక్టర్లు, ఇంజన్లు, బస్సులు తాగే డీజిల్‌కు ముడినూనె చాలావరకు బయటి దేశాల నుంచి రావలసిందే. అందుకని ప్రభుత్వ కాగితాల్లో రెండు పనులు పక్కపక్కనే రాసి ఉండేవి. ఇక్కడి నేలమీద పండే గింజల నుంచి ఇక్కడే నూనె తీయాలి. వాడుతున్న నూనెను పొదుపుగా వాడాలి. కాగితం మీద రెండూ సమానమే. ఆఫీసులో మాత్రం మొదటిదానికే విలువ. మొక్క నాటితే ఫోటో వస్తుంది. పెద్దవాళ్ళు వచ్చి చెంబుతో నీళ్ళు పోస్తారు. వృథా ఆపితే ఫోటో తీయడానికి ఏముంటుంది? ఆగిపోయినది కంటికి కనబడదు కదా.

ఒక్క పేజీ

అప్పటికింకా రాష్ట్రం వేరుపడలేదు. అడవి ఆముదం నాటించాలని ఆదేశం వచ్చింది. ఆఫీసు భాషలో జట్రోఫా. దాని గింజల నూనెతో డీజిల్ ఇంజన్లు నడుస్తాయన్నారు. నీళ్ళు అక్కర్లేదు, బీడు భూమిలో పెరుగుతుంది, యాభై ఏళ్ళు కాస్తుంది అన్నారు. మేము నమ్మాం. నమ్మినట్టు నటించాం అని ఇప్పుడు చెప్పుకుంటే కాస్త తెలివైనవాళ్ళలా కనిపిస్తాం గానీ, నిజంగానే నమ్మాం.

మా పై అధికారి రామచంద్రం సారు హైదరాబాదులో ఉండేవారు. రైతుబిడ్డ. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ గుప్పెడు గింజలుండేవి. ఊళ్ళలో మీటింగు పెడితే, ఒక గింజ నల్లటి పెంకు ఒలిచి, లోపలి తెల్ల పప్పును సూదికి గుచ్చి అగ్గిపుల్ల అంటించేవారు. అది చిన్న దీపంలా నిలకడగా వెలిగేది. ఎన్ని ఉపన్యాసాలు చెప్పినా రానిది ఆ ఒక్క వెలుగుతో వచ్చేది. జనం నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళు. ఆయన దగ్గర నేనూ నేర్చుకుని ఊరూరా వెలిగించాను. ముందు వరుసలో ఎప్పుడూ పిల్లలే కూర్చునేవాళ్ళు.

రైతులకు ఇవ్వడానికి తెలుగులో కరపత్రం రాయమని నాకు అప్పజెప్పారు. శిక్షణలో ఇచ్చిన ఇంగ్లీషు పుస్తకం ముందు పెట్టుకుని రాశాను. ఒకటింబావు పేజీ వచ్చింది. సారు చూసి, "సుగుణా, రైతు రెండో పేజీ తిప్పడు. ఒక్క పేజీల పెట్టు" అన్నారు.

ఏ లైను తీసేయాలో ఆయన చెప్పలేదు. ఎంచుకున్నది నేను. 'గింజలు విషపూరితం, పిల్లలకు అందకుండా చూడాలి' అన్న వాక్యం తీసేశాను. అప్పుడు నాకు నేను చెప్పుకున్న కారణాలు ఇంకా గుర్తున్నాయి. మామూలు ఆముదం గింజ కూడా విషమే, పల్లెల్లో ఎవరు తింటున్నారు గనక! రైతుకు తెలియనిదా! ఈ మాటలన్నిటి కింద ఇంకొక మాట ఉంది. విషం అన్న పదం కనబడితే ఎవరూ మొక్క తీసుకోరు. అది మాత్రం అప్పుడు నాకు నేను కూడా చెప్పుకోలేదు.

కరపత్రంలో ఇంకో వాక్యం మాత్రం పెద్ద అక్షరాల్లో వేయించాను. 'ఈ చెట్టును మేకలు, పశువులు ముట్టవు. కంచె అవసరం లేదు.' ఎందుకు ముట్టవో రాయలేదు.

ఎల్లయ్య చెలక

తొర్రూరు నుంచి పాలకుర్తి వెళ్ళే దారికి కాస్త లోపల ఒక ఊరుంది. పేరు రాయను. ఆ ఊళ్ళో ఎల్లయ్య అనే రైతుకు వాగు పక్కన కొంచెం వరి పొలం, ఊరికి ఎగువన వానమీదే పండే రెండెకరాల ఎర్ర చెలక ఉండేవి. నలుగురూ ఏం చేస్తారో చూసి చేసే మనిషి కాదు. మంచి మాట చెబితే ముందుగా చేసేవాడు. ఇలాంటి మనిషి ఊరికొకడు దొరికితే మన పని సగం అయినట్టే. అందుకే ఇలాంటి మనిషిని మోసం చేయకుండా చూసుకోవడం మన మొదటి బాధ్యత.

చెలక గట్టుమీద నిలబడి మాట్లాడుకున్నాం. ఆయన భార్య సోమక్క కంది చేనులో కలుపు తీస్తూ వింటోంది.

"మేడమ్, గీ చెలకల కంది ఏస్త, పెసర ఏస్త. వానపడితె పండుతది, లేకుంటె మేకలకైతది. నీ చెట్లు పెడితె నా మేకలు యాడ మెయ్యాలె?" అన్నాడు ఎల్లయ్య.

"చెట్ల మధ్య గడ్డి మెయ్యొచ్చు ఎల్లయ్యా. చెట్టును మాత్రం ముట్టవు."

"మేక ముట్టని చెట్టా!" అని నవ్వాడు. "తుమ్మ ముండ్లనే ఇడ్శిపెట్టదు గదా మేడమ్, మేక."

సోమక్క నడుం ఎత్తి నావైపు చూసింది. "మేక ముడ్తలేదంటె దాంట్ల ఏందో ఉన్నట్టే గద మేడమ్?"

"ఆకు చేదు, సోమక్కా" అన్నాను.

అది అబద్ధం కాదు. ఆకు చేదే. సోమక్క మళ్ళీ కలుపులోకి వంగింది. ఆ వానాకాలం ఎల్లయ్య రెండెకరాల్లోనూ మొక్కలు పెట్టాడు. అతన్ని చూసి ఇంకో ఐదారుగురు పెట్టారు. నేను ఫోటో తీసి హైదరాబాదు పంపాను.

దసరా సెలవులు

మూడో ఏడు చెట్లు కాయడం మొదలుపెట్టాయి. దసరా సెలవులు. ఆఫీసులో ఉండగా మధ్యాహ్నం ఫోను మోగింది. ఎల్లయ్య గొంతు.

"మేడమ్, పోరగాండ్లు నీ గింజలు తిన్నరు. నలుగురు. మా మౌనిక గూడ. ఆగకుంట కక్కుతాండ్రు. జీపుల ఏసుకొని వరంగల్ వస్తానం."

నీ గింజలు అన్నాడు. తర్వాత ఎన్నోసార్లు ఆ మాట గురించి ఆలోచించాను. కోపంతో అనలేదు. ఊళ్ళో వాటికి అదే పేరు. సుగుణ మేడమ్ గింజలు.

బీరువాలోంచి ఇంగ్లీషు పుస్తకం తీసుకుని పెద్ద దవాఖానకు పరుగెత్తాను. వాళ్ళ కన్నా ముందే చేరాను. జీపు వచ్చాక ఒక్కొక్కరినీ దింపుతుంటే చూశాను. ఎనిమిదేళ్ళ మౌనిక కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. పెదవులు ఎండిపోయాయి. వాంతులు, బేదులు. మిగతా ముగ్గురూ అలాగే ఉన్నారు. పిల్లలు గింజలు ఏరుకుని, నేను మీటింగులో చేసినట్టే పెంకు ఒలిచి, సూదికి బదులు తుమ్మ ముల్లుకు గుచ్చి వెలిగించి ఆడుకున్నారట. తెల్లటి పప్పు పల్లీలా ఉందని ఒకరు కొరికారు. తియ్యగా ఉందని మిగిలినవాళ్ళూ తిన్నారు.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. నేను పుస్తకం తెరిచి ఆ పేజీ చూపించాను. గబగబా చదివింది. సెలైన్లు పెట్టించింది. విరుగుడు మందంటూ ఏదీ లేదని, ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకోవాలని, ఈ రాత్రి గడిస్తే ఫరవాలేదని చెప్పింది. వెళ్తూ వెళ్తూ, "ఈ పుస్తకం మీ దగ్గర ముందునుంచీ ఉందా మేడమ్?" అని అడిగింది. ఉందన్నాను. పుస్తకం నా చేతికిచ్చి వెళ్ళిపోయింది.

సోమక్క మంచం పక్కన నేలమీద కూర్చుని ఉంది. కూతురి చెయ్యి పట్టుకునే నన్నడిగింది.

"గా బుక్కుల ఏమున్నది?"

"గింజలు విషమని ఉంది సోమక్కా."

"గది నీకెప్పటిసంది ఎరుక?"

మంచాలు వేసిన ఆ వరండాలో మిగతా ముగ్గురు పిల్లల తల్లులూ ఉన్నారు. ఎల్లయ్య గోడకానుకుని నిలబడి ఉన్నాడు. నాకు అబద్ధం చెప్పాలనిపించింది. మొన్ననే తెలిసింది అంటే సరిపోయేది. ఎవరూ నిరూపించలేరు.

"మొదటినుంచీ తెలుసు" అన్నాను.

"మరి మాకెందుకు చెప్పకపోతివి?"

పేజీ సరిపోలేదని చెప్పడానికి నోరు రాలేదు. "చెబితే మీరు పెట్టరనుకున్నాను" అన్నాను.

సోమక్క నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. మౌనిక మళ్ళీ కక్కుకుంది. సోమక్క కొంగుతో తుడిచి, తల తిప్పకుండానే, "జర ఆ గిలాసల నీళ్ళందియ్యి" అంది. అందించాను. ఆ రోజు నా చేత చేయించుకున్న ఒకే ఒక పని అది.

కాసేపటికి రామచంద్రం సారు ఫోను చేశారు. అప్పటికే సంగతి తెలిసింది. "పేపరోళ్ళు వస్తే, పూర్తి సమాచారం ఇంకా అందలేదని చెప్పు సుగుణా" అన్నారు.

"సార్, తల్లికి నేను చెప్పేశాను. మనకు తెలుసని."

"పిల్లలు మాట్లాడ్తున్నరా?" అని అడిగారు. ఇప్పుడిప్పుడే అన్నాను. ఫోను పెట్టేశారు.

మర్నాడు పొద్దున్నే ఆయన దవాఖాన మెట్లమీద కనిపించారు. ఆఫీసు కారులో రాలేదు, మొదటి బస్సుకు వచ్చారు. పిల్లలు నలుగురూ గట్టెక్కారని అప్పటికి డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట చెబితే ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు.

"ఒక్క పేజీ అన్నది నేనే" అన్నారు.

"తీసేసిన లైను ఎంచుకుంది నేను సార్."

"అయితే రిపోర్టు ఇద్దరం కలిసే రాద్దాం."

అక్కడే మెట్లమీద రాశాం. పిల్లలు నిర్లక్ష్యంగా తిన్నారని రాయలేదు. మాకు తెలిసీ చెప్పలేదని రాశాం. ఇద్దరం సంతకాలు పెట్టాం. ఆ రిపోర్టువల్ల ఆయనకు నష్టమే జరిగింది. ఎంత నష్టమో ఆయన నాకెప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నా సర్వీసులో చాలామంది బాసులను చూశాను. నా కన్నా తెలివైనవాళ్ళు, గొప్పగా మాట్లాడేవాళ్ళు ఉన్నారు. ఆయన మొదట ఫోనులో చెప్పిన మాట తప్పే. రాత్రంతా ఆలోచించి, పొద్దున బస్సెక్కి వచ్చి, ఆ తప్పును దిద్దుకున్నారు. అలాంటి బాసు దొరికితే ఆయన మొదటి మాటను మరిచిపోండి.

పీకేసిన చెట్లు

తర్వాత రెండు నెలలు వేరే పని పెట్టుకోలేదు. మొక్కలు ఇచ్చిన ప్రతి ఊరికీ వెళ్ళి, బడిలో పిల్లల ముందు గింజ పట్టుకుని ఇది విషమని చెప్పాను. సూదికి గుచ్చి వెలిగించే ఆట మానేశాను. కొన్ని ఊళ్ళలో జనం నన్ను తరిమినంత పని చేశారు. కొన్నిచోట్ల టీ ఇచ్చి పంపారు.

విషం సంగతి పక్కన పెట్టినా, ఆ చెట్టు మేము చెప్పినట్టు కాయలేదు. నీళ్ళు అక్కర్లేదన్న మాటకు అర్థం చెట్టు చావదని మాత్రమే. నీళ్ళూ ఎరువూ లేకపోతే కాయదు కూడా. కాసిన కొన్ని గింజలనూ కొనడానికి ఎవరూ రాలేదు. మిల్లు వస్తుందన్నారు, రాలేదు. మూడేళ్ళు కందికీ పెసరకూ దూరమైన రెండెకరాలకు ఎవరు జవాబు చెప్తారు? నష్టపరిహారం కోసం నేను పెట్టిన కాగితాలు తిరిగొచ్చాయి. అది నా తప్పుల్లో దిద్దుకోలేకపోయినది. దాన్ని అలాగే ఒప్పుకుంటున్నాను.

ఎల్లయ్య చెట్లు పీకుతున్న రోజు వెళ్ళాను. వేర్లు లోతుగా పోయి ఉన్నాయి. గడ్డపార ఒకటి తీసుకుని నేనూ మొదలుపెడితే, "నీకు రాదు మేడమ్, చేతులు పొక్కుతయ్" అని లాక్కున్నాడు. గట్టుమీద కూర్చున్నాక తనే అన్నాడు, "అంత నీ మీన్నే ఏసుకోకు. నేను గూడ ఆశపడ్డ. మేకలు ముట్టయంటె గప్పుడే అనుమానమొచ్చింది మా ఆమెకు. నేనే ఇనలే."

సోమక్క అప్పటికి నాతో మాట్లాడడం లేదు. పీకిన చెట్లు కుప్ప వేస్తోంది. వెళ్ళొస్తానని లేస్తుంటే మాత్రం వెనకనుంచి అంది.

"నూనె తీస్తాన్నమని ఊర్లు తిరిగినవ్ గదా. గా వాగుకాడి ఇంజను తాగే నూనె చూసినవా ఎన్నడన్న? తాగుడు ఎక్వ, పోసుడు తక్వ. కొత్త నూనె తర్వాత సంగతి. ఉన్నది కారిపోతాంటె గది ఆపరాదు?"

విధానం కాగితంలో రెండో సగం అదే. అన్నేళ్ళూ నేను దాన్ని చదివాను, శిక్షణలో పాఠం చెప్పాను. సోమక్క ఆ కాగితం ఎప్పుడూ చూడలేదు.

వాగు దగ్గర ఇంజను

నేను పుట్టింది డోర్నకల్‌లో, రైల్వే క్వార్టర్స్‌లో. మా నాన్న డీజిల్ ఇంజను డ్రైవరు. ఇంట్లో కూర్చునే, పోతున్న బండి చప్పుడు విని, "నడిపేటోనికి చెయ్యి రాదు, ఊకె తాగిస్తాండు" అనేవాడు. ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు కూడా ఆయన చెవి పట్టాలవైపే ఉండేది. మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను గానీ, ఇంజను మాట వినడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఎల్లయ్య పొలానికి వాగులోంచి నీళ్ళు తోడే డీజిల్ ఇంజనును వారం తర్వాత వెళ్ళి చూశాను. దగ్గరికి వెళ్ళకముందే తెలిసింది. ఊపిరందని మనిషిలా రొప్పుతోంది. నీళ్ళలో మునిగి ఉండే పైపు చివర వాల్వుకు చెత్త పట్టి, సందు సగం మూసుకుపోయింది. బెల్టు వదులై జారుతోంది. పైపు నాలుగు చోట్ల మెలికలు తిరిగింది. అన్నిటికన్నా చిత్రం, నీళ్ళు పడే పైపు మూతిని కాలువకన్నా మనిషెత్తు పైన, రెండు కట్టెలకు కట్టారు. నీళ్ళు దూకుతుంటే చూడ్డానికి బాగుంటాయి. అంతెత్తు ఎత్తిపోయడానికి ఇంజను తాగే డీజిలంతా గాలిలోకే పోతోంది.

పొదుపు గురించి ఉపన్యాసం చెప్పకూడదని అప్పటికి బుద్ధి వచ్చింది. ఒక సీసాకు గీత గీసి, గీత దాకా డీజిల్ పోసి, ఇంజనుకు అదొక్కటే అందేలా గొట్టం కలిపాను. సీసా ఖాళీ అయ్యేసరికి నీళ్ళు ఎందాకా వెళ్తాయో చూడమన్నాను. ఊళ్ళోవాళ్ళు పదిమంది చేరారు. నీళ్ళు రెండో మడి మధ్యదాకా వెళ్ళేసరికి ఇంజను ఆగిపోయింది. సోమక్క అక్కడొక పుల్ల పాతింది.

తర్వాత రెండు రోజులు పని. వాల్వు మార్చాం. మెలికలు తీసి పైపు తిన్నగా పరిచాం. బెల్టు బిగించాం. పైపు మూతిని కిందికి దించి కాలువలో ఆనించాం. ఇది ఎల్లయ్యకు నచ్చలేదు.

"గిట్ల పెడితె నీళ్ళు ఒస్తున్నట్టే కొడ్తలేదు మేడమ్" అన్నాడు దిగులుగా.

మడులు ఆరేదాకా ఆగి, అదే సీసా, అదే గీత, మళ్ళీ మొదలుపెట్టాం. ఇంజను చప్పుడు మారింది. రొప్పు లేదు. నీళ్ళు సోమక్క పుల్ల దాటాయి. రెండో మడి నిండింది. జనం మాటలు మానేసి నీళ్ళ వెంట నడవడం మొదలుపెట్టారు. మూడో మడి గట్టుదాకా వెళ్ళాక గానీ ఇంజను ఆగలేదు. సోమక్క పుల్ల దగ్గరనుంచి మూడో గట్టుదాకా అడుగులు వేసి కొలిచింది. తిరిగొచ్చి, దసరా తర్వాత మొదటిసారి నా ముఖంలోకి చూసింది.

"గిది చెప్పు పోయి అందరికి. గిందుల విషం లేదు" అంది.

ఆమె పక్కన నిలబడ్డ ముసలాయన పక్కున నవ్వాడు. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, కళ్ళు కూడా చెమర్చాయి. ఆ ఏడాది వాగు పొడవునా ఉన్న ఇంజన్లన్నీ అలాగే సరిచేశాం. ఎక్కడికి వెళ్ళినా నాకంటే ముందు సోమక్క మాట్లాడేది. మా ఆఫీసు నుంచి వెళ్ళిన నెలవారీ రిపోర్టులో ఆ పనికి వేరే గడి లేదు. 'ఇతరములు' అన్న దాంట్లో రాశాను.

కానుగ

ఇలా చెబితే, స్థానికంగా నూనె తీయడమే తప్పని మీరనుకోవచ్చు. నేనలా అనుకోను. ఉత్పత్తీ పొదుపూ ఒకదానికొకటి శత్రువులు కావు. ఏది ముందు అన్నదే ప్రశ్న. వాడకం తగ్గిన తర్వాత చూస్తే, ఆ ఊరికి కావలసిన నూనె మేము మొదట వేసిన లెక్కలో కొంతే. అంత నూనెకు మంచి చెలకలు అక్కర్లేదు.

పొలం గట్ల మీద, వాగు ఒడ్డున, రోడ్ల పక్కన కానుగ చెట్లు ముందునుంచే ఉన్నాయి. ఎండాకాలం కాయలు రాలి మట్టిలో కలుస్తాయి. కానుగ నూనె దీపాలకీ గజ్జికీ వాడేవాళ్ళమని ముసలివాళ్ళు చెప్పారు. దాని చేదు, దాని గుణం ఊరందరికీ ఎరుకే. మేము కొత్తగా దాచగలిగిందేమీ లేదు. ఆడవాళ్ళు కాయలు ఏరి, కొట్టి, గింజ తీశారు. తొర్రూరులో నూనె మర ఉన్న వ్యాపారి ఒకాయన నూనె ఆడించి ఇచ్చాడు. ఆ నూనె వడగట్టి ఊళ్ళో పిండిగిర్ని ఇంజనులో కలిపి నడిపాం. నూనె తీయగా మిగిలిన చెక్కను పొలాలకు ఎరువుగా వేసుకున్నారు.

నిజం మొత్తం రాయాలి కదా. చలికాలం ఆ నూనె చిక్కబడి ఇంజను మొరాయించేది. ఫిల్టర్లు పూడుకుపోయేవి. గిర్ని నడిపే ఆయన నన్ను చూడగానే రెండు చేతులెత్తి దండం పెట్టేవాడు, భక్తితో కాదు. మూడు నాలుగేళ్ళు నడిచింది. తర్వాత కరెంటు నిలకడగా రావడంతో గిర్ని మోటారుకు మారింది, వాగు ఇంజన్ల స్థానంలో బోరు మోటార్లు వచ్చాయి. కానుగ నూనె ఆగిపోయింది. పథకం విఫలమైందని ఫైలు మూశారు. నేనలా అనను. అక్కర ఉన్నన్నాళ్ళు పనికొచ్చింది, ఎవరి భూమీ తినలేదు, అక్కర తీరాక ఆగిపోయింది. ఒక పథకం నుంచి అంతకన్నా ఏం అడుగుతాం?

చివరి కాగితం

నేను రిటైరయ్యే ముందు ఏడాది సోలార్ మోటార్ల పథకం వచ్చింది. ఎండతో నడిచే పంపు, పైగా సబ్సిడీ. అడవి ఆముదంతో పోల్చలేనంత మంచి వస్తువు. ప్రతి మండలానికీ ఇన్నని లెక్క ఇచ్చారు. ఎల్లయ్య ఊళ్ళో మీటింగు పెట్టాను. చాలామంది వచ్చారు. నేను చెప్పాల్సింది చెప్పాను. కరెంటు అక్కర్లేదు, పొగ లేదు, పొద్దంతా నడుస్తుంది.

సోమక్క వెనక వరసలోంచి లేచింది. జుట్టు సగం నెరిసింది. నన్ను మేడమ్ అనడం మానేసి చాలా కాలమైంది.

"సుగుణమ్మా, ఎండకు పైసల్లేవు, సరే. ఇప్పుడు కరెంటు పోతె మోటరు ఆగుతది, బోరు జర ఊపిరి తీసుకుంటది. గిదైతె పొద్దంత గుంజుతది. బోర్ల నీళ్ళు ఎన్నొద్దులుంటయ్?"

అందరూ నావైపు తిరిగారు. మాకిచ్చిన కాగితాల్లో పంపు గురించి అన్నీ ఉన్నాయి. ఆ ఊరి బోర్లలో నీళ్ళ గురించి ఏమీ లేదు.

"నాకు తెలియదు సోమక్కా. కొలవాలి" అన్నాను.

"మరి కొలుద్దం. ఎండకాలం ఎల్లినంక సంతకాలు పెడ్తం" అన్నాడు ఎల్లయ్య. జనం సరేనన్నారు. ఎవరూ దరఖాస్తు ఇవ్వకుండానే లేచి వెళ్ళిపోయారు.

ఆ ఎండాకాలమంతా ఊరివాళ్ళే కొలిచారు. తాడుకు రాయి కట్టి, ముడులు వేసి, వారానికోసారి ప్రతి బోరులోకీ దించి, తడి ఎన్నో ముడిదాకా ఉందో గోడమీద రాసుకున్నారు. నేను వెళ్ళినప్పుడల్లా చూసి వచ్చేదాన్ని. ఏ బోరు తట్టుకుంటుందో, ఏది తట్టుకోదో మెల్లగా తెలుస్తూ వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళు కూడా కొలిచాకే సంతకాలన్నాయి. ఈలోగా మిగతా జిల్లాలు లెక్కలు పూర్తి చేశాయి. మేము అందరికన్నా వెనకబడ్డాం.

ఎండలు ఇంకా తగ్గకముందే, నా సర్వీసు ఇంకో నాలుగు రోజులుందనగా పైనుంచి మెమో వచ్చింది. లక్ష్యం ఎందుకు చేరలేదో వెంటనే వివరణ ఇవ్వాలి. మా ఆఫీసు గుమస్తా పాత వివరణల నమూనాలు తెచ్చి బల్లమీద పెట్టాడు. రెండు పేజీలకు తక్కువ ఏదీ లేదు. వాటిని పక్కన పెట్టి తెల్లకాగితం తీసుకుని రాశాను.

'గ్రామస్థులు తమ బోర్లలో నీటిని కొలుచుకుంటున్నారు. కొలత పూర్తయిన తర్వాత దరఖాస్తులు పంపగలము.'

కింద సంతకం పెట్టి కవరులో వేశాను. ఉద్యోగంలో నేను రాసిన ఆఖరి కాగితం అదే. దానికి జవాబు రాలేదు.